మాట మింగిన కమాండు

సావనీరుకు ఒక సైన్సు వ్యాసం ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు మొదట నక్షత్రాల గురించి రాద్దామనుకున్నాను. తీరా కాగితం ముందేసుకుని కూర్చుంటే, ఆ విషయంలో నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలో ఉన్నంతే. అది మీరూ చదివిందే. స్వానుభవంగా తెలిసిన సంగతి నాకు ఒక్కటే ఉంది. కంప్యూటరులో అక్షరాలు దిద్దుకునే ఎడిటరు ఒకటుంటుంది కదా, అందులో మనం సొంతంగా తయారు చేసుకున్న కమాండు మనం చెప్పిన మాటలో సగం మింగేస్తే ఏమవుతుంది, మింగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అన్నది ఆ సంగతి. వినడానికి చాలా చిన్న విషయం. కాని నా అజాగ్రత్త వల్ల ఒకరి రెండు మధ్యాహ్నాల శ్రమ పోయింది కాబట్టి దీన్ని చిన్న విషయం అని నేను ఇప్పుడు అనలేను.

కంప్యూటరు తెలియని మిత్రులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ముందు ఒకసారి మా చేను దగ్గరికి వెళ్ళి వద్దాం.

చేలో నీళ్ళు

మాది కృష్ణా డెల్టాలో వరి పండించే ఊరు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు పొద్దున్నే నాన్న పనిమీద ఊరికి వెళుతూ, బస్సెక్కే ముందు నాతో ఇలా చెప్పాడు: "నిన్న చీకటి పడ్డాక యూరియా చల్లాను. బాబాయితో చెప్పు, చేలో నీళ్ళు పెట్టమని. పలచగా పెట్టమను, గట్టు దాటకుండా చూడమను." నేను బడికి పోయే హడావిడిలో ఉన్నాను. బాబాయి గేదెకు నీళ్ళు పెడుతుంటే దూరం నుంచే, "బాబాయ్! చేలో నీళ్ళు పెట్టమన్నాడు నాన్న" అని అరిచి పరుగెత్తాను.

బాబాయి వెళ్ళి మడవ తీశాడు. యూరియా చల్లిన సంగతి ఆయనకు తెలియదు. నీళ్ళు వాటి పాటికవి పారుతుంటే వేరే పని చూసుకోవడానికి వెళ్ళాడు. సాయంత్రానికి చేను నిండి, గట్టు మీదుగా పొర్లి, మా యూరియాను వెంటబెట్టుకుని కింది చేలోకి పోయింది. పది రోజుల తర్వాత కింది చేను నల్లటి పచ్చగా ఎదిగింది, మాది పాలిపోయి ఉంది.

నాన్న బాబాయిని ఏమీ అనలేదు. నన్ను పిలిచి, "పని చెప్పావు గాని, ఎట్లా చెయ్యాలో చెప్పలేదు. కబురు మోసేవాడు మధ్యలో మాట మింగితే ఎట్లారా?" అన్నాడు. అంతే. ఆ మాట మళ్ళీ నాకు కాలేజీలో, కంప్యూటరు లాబ్‌లో కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

విమ్ అనగా ఏమిటి?

పేరు చూసి గిన్నెలు తోమే సబ్బు అనుకోకండి. విమ్ ఒక టెక్స్ట్ ఎడిటరు. 1976 ప్రాంతంలో అమెరికాలోని బర్కిలీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న బిల్ జాయ్ అనే విద్యార్థి యూనిక్స్ యంత్రాల కోసం వీ-ఐ అనే ఎడిటరు తయారు చేశాడు. దాన్ని అనుసరించి, మరెన్నో సదుపాయాలు చేర్చి, నెదర్లాండ్స్ దేశస్థుడు బ్రామ్ మోలెనార్ 1991లో విమ్‌ను లోకానికి విడుదల చేశాడు. దీనికి ధర లేదు. ఇది మీకు నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చెయ్యండి అని మాత్రం దాని మొదటి తెర మీదే ఆయన విన్నపం కనిపిస్తుంది. మోలెనార్ 2023 ఆగస్టులో మరణించాడు. ఆయన తర్వాత ఇతర కార్యకర్తలు ఆ పనిని కొనసాగిస్తున్నారు.

విమ్‌లో కోలన్ గుర్తు నొక్కి, ఆ పక్కన ఒక మాట టైపు చేసి ఎంటర్ కొడితే అది కమాండు అవుతుంది. ఇక్కడొక మనవి. ఈ వ్యాసంలో కమాండ్లను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. మీటల మీద నొక్కేటప్పుడు మాత్రం అవన్నీ ఇంగ్లీషు అక్షరాలేనని గ్రహించాలి.

ఈ కమాండ్లను మన వ్యాకరణంతో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతాయి. ఉదాహరణకు:

:రైట్ రింగ్స్1

ఇందులో రైట్ అనేది క్రియ, అంటే రాసి భద్రపరచమని. రింగ్స్1 అనేది ఫైలు పేరు, కనుక అది కర్మ. ఈ రెండూ కాక ఇంకో రెండు రకాల మాటలున్నాయి. ఒకటి క్రియకు ముందు వచ్చేది:

:కన్‌ఫర్మ్ రైట్ రింగ్స్1

దీని అర్థం "ప్రమాదం ఉంటే నన్నొకసారి అడిగి రాయి" అని. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే, ఉన్నదాని మీద రాయనా వద్దా అని విమ్ ప్రశ్న వేస్తుంది. మనం అవునంటేనే రాస్తుంది. మెల్లగా నడువు, పలచగా పెట్టు అన్నప్పుడు మెల్లగా, పలచగా ఎటువంటివో ఈ కన్‌ఫర్మ్ కూడా అటువంటిదే. క్రియావిశేషణం అన్నమాట. విమ్ వారు దీన్ని మాడిఫయర్ అంటారు. తెలుగులో లాగానే విమ్‌లో కూడా ఇది క్రియకు ముందే నిలబడుతుంది.

రెండోది క్రియను అంటిపెట్టుకుని వెనకాల వచ్చే ఆశ్చర్యార్థకం:

:రైట్! రింగ్స్1

దీని అర్థం "ఫైలు ఉన్నా సరే, అడగకుండా దాని మీద రాసెయ్యి" అని. ఈ గుర్తును విమ్ భాషలో బ్యాంగ్ అంటారు. ఈ రెండూ లేకుండా వట్టి రైట్ అని, అప్పటికే ఉన్న వేరే ఫైలు పేరు ఇచ్చామంటే, విమ్ రాయదు. "ఫైలు ఉంది, కావాలంటే ! చేర్చండి" అనే అర్థం వచ్చే ఈ13 నంబరు ఎర్రర్ చూపి ఊరుకుంటుంది.

అంటే ఒకే పనికి మూడు స్వరాలు ఉన్నాయి. మామూలుగా చెప్పడం, అడిగి చెయ్యమనడం, అడగకుండా చెయ్యమనడం. పని ఒక్కటే అయినా ఫలితాలు మూడు రకాలు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నా సొంత కమాండు

విమ్‌లో ఉన్న గొప్ప సదుపాయం ఏమిటంటే, మనకు కావలసిన కమాండును మనమే తయారు చేసుకోవచ్చు. ముఖ్యమైన షరతు ఒకటుంది, దాని పేరు ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలవ్వాలి. ఎడిటరులో ముందునుంచీ ఉన్న కమాండ్లు దాదాపు అన్నీ చిన్నక్షరాలతో ఉంటాయి కాబట్టి ఏది ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది.

మా ఫిజిక్సు ప్రాక్టికల్సులో తీసిన రీడింగులన్నీ మా బ్యాచ్ వాళ్ళం ఒకే ఫోల్డరులో ఫైళ్ళుగా పెట్టుకునేవాళ్ళం. ప్రతిసారీ ఆ ఫోల్డరు దారి అంతా టైపు చెయ్యడం విసుగని నేను ఒక కమాండు రాశాను:

కమాండ్ -నార్గ్స్=1 దాచు రైట్! ~/రీడింగ్స్/<ఆర్గ్స్>

-నార్గ్స్=1 అంటే ఈ కమాండుకు ఒక కర్మ ఉండాలని. <ఆర్గ్స్> అన్న చోట మనమిచ్చిన పేరు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి :దాచు రింగ్స్1 అని కొడితే చాలు, రీడింగ్స్ ఫోల్డరులో రింగ్స్1 అనే ఫైలుగా భద్రమవుతుంది. లోపల ఆ ఆశ్చర్యార్థకం ఎందుకు పెట్టానంటే, పాత పేరే మళ్ళీ ఇచ్చినప్పుడల్లా ఆ ఈ13 అడ్డుపడుతోందని. అప్పుడది చాలా తెలివైన పనిలా అనిపించింది. మా బ్యాచ్‌లో అందరికీ పంచిపెట్టాను. "భలే చేశావురా" అన్నారు. రెండు రోజులు గర్వంగా తిరిగాను.

న్యూటన్ వలయాల ప్రయోగం చేసినవారికి దాని కష్టం తెలుసు. చీకటి గదిలో సోడియం దీపం ముందు కూర్చుని, మైక్రోస్కోపులో ఒక్కొక్క వలయానికీ ఎడమ అంచు, కుడి అంచు చూసి రీడింగు రాసుకోవాలి. ఒక్క వలయం లెక్క తప్పితే మొదటికొస్తుంది. నా లాబ్ పార్ట్‌నరు రెండు మధ్యాహ్నాలు కూర్చుని తీసిన రీడింగులు రింగ్స్1 అనే ఫైలులో ఉన్నాయి. చిత్తు కాగితం ఎందుకని నేరుగా కంప్యూటరులోనే ఎక్కించింది.

మరునాడు మా బ్యాచ్‌లోనే ఇంకో మిత్రుడు తన రీడింగులను అదే పేరుతో దాచబోయాడు. అతను జాగ్రత్తపరుడు. ఆ పేరుతో ఇంకెవరిదైనా ఫైలు ఉందేమోనని అనుమానం వచ్చి, అంతకు ముందు నేనే నేర్పిన పద్ధతిలో ఇలా కొట్టాడు:

:కన్‌ఫర్మ్ దాచు రింగ్స్1

ఏ ప్రశ్నా రాలేదు. అడగలేదంటే ఆ పేరుతో ఫైలు లేదన్నమాటేగా అనుకుని వెళ్ళిపోయాడు. మా పార్ట్‌నరు రీడింగుల మీద అతని రీడింగులు పడ్డాయి. విమ్ పాత ఫైలుకు నకలు ఉంచాలంటే బ్యాకప్ అనే ఏర్పాటు ముందే పెట్టుకుని ఉండాలి. మాకది లేదు. పోయినవి పోయాయి.

రికార్డు సంతకం ఇంకో మూడు రోజుల్లో ఉంది. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాటే అడిగింది: "అడుగుతుందని నువ్వే కదా చెప్పావు?" నా దగ్గర సమాధానం లేదు. చేలో నీళ్ళ సంగతి అప్పుడే గుర్తొచ్చింది. అడిగి రాయమని మిత్రుడు చెప్పిన కబురులో "రాయమన్నాడు" అనేది మాత్రమే నా కమాండు లోపలికి చేరవేసింది. పైగా "అడగొద్దన్నాడు" అని తన సొంత మాట కూడా కలిపింది. నేను చిన్నప్పుడు చేసింది ఒక తప్పయితే, నా కమాండు చేసినవి రెండు.

ఎక్కడ మింగుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనం తయారు చేసిన కమాండును పిలిచినప్పుడు, విమ్ దాని లోపల మనం రాసిన పాఠాన్ని ఒక కొత్త ఆజ్ఞగా మొదటి నుంచి చదువుతుంది. ఆ పాఠంలో కన్‌ఫర్మ్ అనే మాట లేకపోతే, బయట ఎవరో కన్‌ఫర్మ్ అన్నారనే సంగతి లోపలి రైట్‌కు తెలియదు. గుమ్మం దగ్గర చెప్పిన మాట వంటింట్లోకి వినపడనట్లే.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. బ్యాంగ్‌ను ఒప్పుకోని కమాండుకు బ్యాంగ్ పెడితే విమ్ వెంటనే ఈ477 నంబరు ఎర్రర్ ఇచ్చి, ఇక్కడ ! కుదరదని చెప్పేస్తుంది. అది మంచిదే, మనకు సంగతి తెలుస్తుంది. కాని క్రియావిశేషణం సంగతి అలా కాదు. కన్‌ఫర్మ్ దాచు అంటే విమ్ ఏ అభ్యంతరమూ చెప్పదు. తల ఊపి, విశేషణాన్ని పక్కన పారేసి, పని చేసేస్తుంది. కాదన్నవాడి కంటే సరేనని చెప్పి మరిచిపోయేవాడితోనే ప్రమాదం ఎక్కువ.

నన్ను ఇంకొకటి కూడా మోసం చేసింది. కమాండు రాసిన రోజున నేను దాన్ని సైలెంట్ అనే విశేషణంతో పరీక్షించాను. సైలెంట్ అంటే తెర మీద కబుర్లు చెప్పకుండా పని చెయ్యమని. అది చక్కగా పనిచేసింది. దాంతో విశేషణాలన్నీ వాటంతటవే లోపలికి వెళతాయని నమ్మాను. నిజానికి సైలెంట్ పద్ధతి వేరు. అది ఎడిటరు నోటికే తాళం వేస్తుంది. ఆ తాళం పని పూర్తయ్యేదాకా ఉంటుంది కనుక, లోపల ఎంత లోతున ఏం జరిగినా అదీ నిశ్శబ్దంగానే జరుగుతుంది. కన్‌ఫర్మ్ అలాంటిది కాదు, తన పక్కనున్న క్రియకే వర్తిస్తుంది. ఒక విశేషణం వెళ్ళింది కదా అని అన్నీ వెళతాయనుకోవడం, ఒక్క రీడింగు చూసి గ్రాఫు గీసినట్లే.

బ్యాంగ్ చేరవేయడం

ముందు సులభమైనది చూద్దాం. కమాండు తయారు చేసేటప్పుడు -బ్యాంగ్ అని రాస్తే, ఈ కమాండు ఆశ్చర్యార్థకాన్ని ఒప్పుకుంటుందని విమ్‌కు చెప్పినట్లు. అప్పుడు లోపలి పాఠంలో <బ్యాంగ్> అని ఎక్కడ రాస్తే అక్కడ, వాడినవారు ! పెట్టి ఉంటే ! వస్తుంది, పెట్టకపోతే ఏమీ రాదు.

కమాండ్! -బ్యాంగ్ -నార్గ్స్=1 దాచు రైట్<బ్యాంగ్> ~/రీడింగ్స్/<ఆర్గ్స్>

మొదట్లో కమాండ్ పక్కనున్న !కు, దీనికీ సంబంధం లేదు. అది "ఈ పేరుతో పాత కమాండు ఉంటే దాన్ని తీసేసి ఇది పెట్టు" అని చెప్పేది. ఈ రెంటినీ కలగాపులగం చేసుకుని నేను ఒక సాయంత్రం పాడు చేసుకున్నాను.

ఇంకొక హెచ్చరిక ముఖ్యమైనది. రైట్‌కు, <బ్యాంగ్>కు మధ్య ఖాళీ ఉండరాదు. విమ్‌లో రైట్! అని కలిపి రాస్తే బలవంతంగా రాయమని అర్థం. రైట్ తర్వాత ఖాళీ వదిలి ! పెడితే అర్థం పూర్తిగా మారిపోతుంది. ఫైలులోని పాఠాన్ని, ! తర్వాత ఉన్న పేరుగల ప్రోగ్రాముకు అందించి దాన్ని నడపమని అర్థం. ఫైలు పేరును ప్రోగ్రాము అనుకుని నడపబోతుందన్నమాట. ఒక్క ఖాళీ వల్ల ఇంత తేడా. మన భాషలో ఒక్క అక్షరం చేరినా ఇంతే. "వాడు కొట్టు కట్టేశాడు", "వాడు కొట్టుకు కట్టేశాడు" అన్న రెంటికీ మధ్య ఎంత దూరముందో చూడండి.

విశేషణం చేరవేయడం

ఇక క్రియావిశేషణం. చాలా ఏళ్ళపాటు విమ్‌లో దీన్ని లోపలికి చేరవేసే తిన్నని దారి లేదు. 2016లో <మాడ్స్> అనే గుర్తు చేర్చారు. ఆ ఏడు సెప్టెంబరులో వెలువడిన ఎనిమిదో వెర్షన్ మొదలుకుని అందరికీ అందుబాటులోకి వచ్చింది. లోపలి పాఠంలో <మాడ్స్> అని రాసిన చోట, వాడినవారు ముందు పెట్టిన విశేషణం వచ్చి చేరుతుంది. ఏదీ పెట్టకపోతే ఖాళీగా ఉండిపోతుంది. దీనికోసం -బ్యాంగ్ వంటి ముందస్తు అనుమతి ఏదీ అక్కర్లేదు.

కమాండ్! -బ్యాంగ్ -నార్గ్స్=1 దాచు <మాడ్స్> రైట్<బ్యాంగ్> ~/రీడింగ్స్/<ఆర్గ్స్>

ఇప్పుడు :కన్‌ఫర్మ్ దాచు రింగ్స్1 అంటే, లోపల అది కన్‌ఫర్మ్ రైట్ అవుతుంది, అడుగుతుంది. :దాచు! రింగ్స్1 అంటే రైట్! అవుతుంది, అడగకుండా రాస్తుంది. వట్టి :దాచు రింగ్స్1 అంటే వట్టి రైట్ అవుతుంది, ఫైలు ఉంటే రాయనంటుంది. మూడు స్వరాలూ చెదరకుండా చేరాయి. కన్‌ఫర్మ్, ! రెండూ కలిపి పెడితే మాత్రం !దే పైచేయి, ప్రశ్న రాదు.

ఈ <మాడ్స్> ఉపయోగం ప్రమాదాలు తప్పించడానికే కాదు, సౌకర్యానికి కూడా. దాచిన ఫైలును తెరిచి చూడడానికి నేను రాసిన రెండో కమాండు ఇది:

కమాండ్! -నార్గ్స్=1 చూడు <మాడ్స్> స్ప్లిట్ ~/రీడింగ్స్/<ఆర్గ్స్>

స్ప్లిట్ అంటే తెరను అడ్డంగా రెండుగా చేసి, ఒక భాగంలో కొత్త ఫైలు చూపించమని. :చూడు రింగ్స్1 అంటే అదే జరుగుతుంది. :వర్టికల్ చూడు రింగ్స్1 అంటే తెర నిలువుగా చీలి రెండు ఫైళ్ళూ పక్కపక్కన వస్తాయి. రెండు బ్యాచ్‌ల రీడింగులు పోల్చడానికి ఇది చాలా బాగుంటుంది. :ట్యాబ్ చూడు రింగ్స్1 అంటే విడిగా ఒక కొత్త ట్యాబులో తెరుచుకుంటుంది. :బాట్‌రైట్ చూడు రింగ్స్1 అంటే తెర అడుగున పూర్తి వెడల్పుతో వస్తుంది. బాట్‌రైట్ వర్టికల్ అని రెండు విశేషణాలు వరుసగా పెట్టినా రెండూ వెళతాయి. <మాడ్స్> లేకపోతే ఇన్నిటికీ ఇన్ని కమాండ్లు రాసుకోవలసి వచ్చేది. నిలువుచూడు, అడ్డచూడు, ట్యాబుచూడు అంటూ పేర్లు గుర్తుపెట్టుకోలేక చచ్చేవాళ్ళం.

అన్ని విశేషణాలూ దీని ద్వారా వెళతాయా అంటే, దాదాపు అన్నీ వెళతాయి. ఫిల్టర్ అనేది మాత్రం <మాడ్స్>కు అందదని విమ్ హెల్ప్‌లోనే రాసి ఉంది.

మధ్యలో ఫంక్షను ఉంటే

పని పెద్దదైతే కమాండు లోపల ఒక్క వరుస చాలదు, ఫంక్షను రాయాలి. అప్పుడు కబురు రెండు చేతులు మారుతుంది. కమాండు ఫంక్షనుకు చెప్పాలి, ఫంక్షను అసలు క్రియకు చెప్పాలి. ఇక్కడ విశేషణాన్ని కొటేషన్లలో పెట్టి, ఒక పదార్థంగా చేతికివ్వాలి. అందుకు <క్యు-మాడ్స్> ఉంది. కర్మకు <క్యు-ఆర్గ్స్> ఉన్నట్లే.

కమాండ్! -నార్గ్స్=1 చూడు కాల్ తెరువు(<క్యు-ఆర్గ్స్>, <క్యు-మాడ్స్>)

తెరువు అనే ఫంక్షనులో మొదటిదాన్ని పేరు అని, రెండోదాన్ని ఎలా అని అందుకుంటే, చివర్లో ఇలా రాయాలి:

ఎగ్జిక్యూట్ ఎ:ఎలా . ' స్ప్లిట్ ~/రీడింగ్స్/' . ఎఫ్‌నేమ్‌ఎస్కేప్(ఎ:పేరు)

చుక్కలు మాటలను అతికించడానికి. ఎగ్జిక్యూట్ అంటే, అలా అతికిన వాక్యాన్ని కమాండుగా నడపమని. విశేషణం ఏదీ లేకపోతే ఎలా అనేది ఖాళీగా ఉండి, స్ప్లిట్‌కు ముందు ఒక ఖాళీ మాత్రం మిగులుతుంది. దానివల్ల నష్టం లేదు.

బ్యాంగ్‌ను ఫంక్షనుకు పంపడానికి ఒక చిట్కా ఉంది. అనుభవజ్ఞులు <బ్యాంగ్>0 అని రాస్తారు. ! పెట్టకపోతే అది 0 అవుతుంది. పెడితే !0 అవుతుంది. విమ్ భాషలో ! అంటే కాదు అని కూడా అర్థం కాబట్టి, సున్నా కానిది అంటే 1. ఆ విధంగా ఉందో లేదో అన్నది ఫంక్షనుకు ఒకటో సున్నానో అయి చేరుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. అర్థమయ్యాక చాలాసేపు ఆనందించాను.

ఎన్ని చేతులు మారితే అన్ని చోట్లా చేరవెయ్యాలి. నా కమాండును ఇంకొకరు తమ కమాండులో వాడుకుంటే, వారు కూడా <మాడ్స్> రాయాలి. మధ్యలో ఒక్కరు మరిచినా చివరివాడికి చేరేది వట్టి క్రియే.

పరీక్షించే పద్ధతి

సొంత కమాండు రాసే మిత్రులకు నా సలహా ఇది. ఇతరులకు ఇచ్చే ముందు ఒక పనికిరాని ఫైలు మీద నాలుగు పరీక్షలు చెయ్యండి. ఒకటి, కొత్త పేరుతో దాచండి, భద్రమవ్వాలి. రెండు, అదే పేరుతో ఇంకో పాఠం దాచబోండి, రాయననాలి. మూడు, కన్‌ఫర్మ్ పెట్టండి, అడగాలి. నాలుగు, ! పెట్టండి, అడగకుండా రాయాలి. పరీక్షకు సైలెంట్‌ను వాడకండి, కారణం పైన చెప్పాను. వేరేవారు రాసిన కమాండయితే :కమాండ్ దాచు అని కొట్టండి. దాని లోపలి పాఠమంతా కనిపిస్తుంది. బ్యాంగ్ ఒప్పుకునేదైతే ఎడమ పక్కన ! గుర్తు ఉంటుంది. పాఠంలో <మాడ్స్> గాని <క్యు-మాడ్స్> గాని లేకపోతే ఆ కమాండు మన విశేషణాన్ని చేరవెయ్యదని తెలుసుకోవచ్చు. పాఠంలోనే ఎవరైనా ! పెట్టేసి ఉంటే, ఒకటికి రెండుసార్లు ఆలోచించి వాడండి.

చివరిగా

రింగ్స్1 సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి రెండు మధ్యాహ్నాలు లాబ్ తెరిచి ఉంచమని సారును బతిమాలాను. ఏం జరిగిందో దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే మైక్రోస్కోపు దగ్గర నువ్వూ కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆ అమ్మాయి అంచు చూసి చెబుతుంటే నేను రాసుకున్నాను. ఈసారి ముందు కాగితం మీద, తర్వాత ఫైలులో. రికార్డు గడువుకు అందింది. తర్వాత ఆ ఫైలును దాచడానికి ఆమె నా కమాండు వాడలేదు. ఫోల్డరు దారి మొత్తం ఓపిగ్గా టైపు చేసింది. కొత్త కమాండు నాలుగు పరీక్షలూ నెగ్గడం కళ్ళారా చూశాక, పది రోజులకు గాని మళ్ళీ వాడలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. కంప్యూటరు సంగతి ఆయనకు పెద్దగా పట్టలేదు. అంతా విని, "ఇంతకీ ఆ పిల్ల కాయితం మీద ఎందుకు రాసుకోలేదురా?" అన్నాడు. అదీ నిజమే. కాని ఆమె కాగితం మీద రాసుకోకపోవడానికి, నేను ఇచ్చిన కమాండు మీద ఉంచిన నమ్మకం కూడా ఒక కారణం. మనం చేసిన పనిముట్టును ఇంకొకరు నమ్మి వాడుతున్నారంటే, వారు చెప్పే ప్రతి మాటా చెప్పినట్లు లోపలికి చేర్చే పూచీ మనదే.